పెల్లెట్ మారితే గురి మారుతుందా? ఎయిర్ రైఫిల్ నిలకడపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఒకప్పుడు గోనె సంచులు నిలవచేసిన ఒక పొడవాటి గోదామును అద్దెకు తీసుకుని, నాలుగు వరుసల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేయిస్తున్నాను. బొబ్బిలి, ఆమదాలవలస, పార్వతీపురం వైపు నుంచి కూడా పిల్లలు వస్తారు. వచ్చిన నెల రోజులకు పిల్లలు, మూడు నెలలకు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే: ‘నిన్న బాగా పడ్డాయి, ఈరోజు చెదిరిపోయాయి. పెల్లెట్ల లోపమా?’ ఫోనులో విడివిడిగా చెప్పి అలసిపోయి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఒకే రైఫిల్, ఒకే డబ్బా. అయినా షాట్లు ఒకచోట ఎందుకు పడవు?

ముందు లక్ష్యం ఎంత చిన్నదో చూడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది వలయం వ్యాసం అర మిల్లీమీటరు. మనం కొట్టే పెల్లెట్ (సీసపు గుళిక) వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. అంటే కొట్టవలసిన చుక్క కొట్టే సీసం కంటే తొమ్మిది రెట్లు చిన్నది. పెల్లెట్ నడిబొడ్డు లక్ష్య కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపల పడితే పది వస్తుంది. అక్కడి నుంచి లోపలికి జరిగే ప్రతి పావు మిల్లీమీటరుకు ఒక దశాంశం, అంటే 0.1 పాయింటు, పెరుగుతుంది. 10.9 రావాలంటే పావు మిల్లీమీటరు లోపల పడాలి. పోటీలో 60 షాట్లు, గరిష్ఠం 654. షాటుకు ఒక్క దశాంశం చొప్పున జారినా మొత్తం మీద ఆరు పాయింట్లు పోతాయి. పట్టికలో ఆరు పాయింట్లంటే పదో స్థానానికీ యాభయ్యో స్థానానికీ ఉన్నంత దూరం కావచ్చు.

ఈ పావు మిల్లీమీటరును చెడగొట్టేవి నాలుగు: పెల్లెట్, దాన్ని తోసే గాలి, రైఫిల్ బిగింపు, పట్టుకున్న మనిషి. మనవాళ్ళు ఈ వరుసలోనే అనుమానిస్తారు. నేను దీన్ని తిరగేసి చదవమంటాను. గురివింద గింజ తన కింద నలుపు ఎరుగదన్నట్టు, చెదిరిన షాటుకు డబ్బాను తిట్టే చెయ్యి తన ట్రిగ్గరు వేలిని చూసుకోదు. అయినా పెల్లెట్ల విషయం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. దానికి దక్కవలసినంత చోటు దానికి ఇద్దాం.

పెల్లెట్లను ఒక్కొక్కటిగా తూచి వేరు చేస్తే లాభం ఉంటుందా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. బహుశా మన ప్రాంతపు నీళ్ళలోనే ఉంది. ఆమదాలవలస దగ్గర పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పటి నుంచి ఆట అంటే బరువే అనుకుంటాం. ఇక్కడ తూచేది అర గ్రాము.

మ్యాచ్ పెల్లెట్ బరువు సాధారణంగా 0.53 గ్రాములు. పాతకాలపు కంసాలి లెక్కలో చెప్పాలంటే నాలుగున్నర గురివింద గింజల ఎత్తు. రైఫిల్ దాన్ని సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వదులుతుంది. 10 మీటర్లు దాటడానికి 0.06 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమి దాన్ని దాదాపు 18 మిల్లీమీటర్లు కిందికి లాగేస్తుంది. సైట్లు (గురి చూసే భాగాలు) సరిచేసుకున్నాం కాబట్టి ఆ 18 మనకు కనబడదు. కనబడేది అందులోని తేడా మాత్రమే.

ఇప్పుడు ఒక పెల్లెట్ మరొకదానికంటే 5 మిల్లీగ్రాములు బరువనుకుందాం. అది ఒక శాతం. వెనక నుంచి తోసే శక్తి అంతే ఉంటే వేగం అర శాతం తగ్గుతుంది, కిందికి జారడం ఒక శాతం పెరుగుతుంది. 18 మిల్లీమీటర్లలో ఒక శాతం అంటే 0.18. ఒక దశాంశం కూడా మారదు. మంచి మ్యాచ్ డబ్బాలో తేడా సాధారణంగా అంతకంటే తక్కువే. కాబట్టి ఖరీదైన డబ్బా కొని, రాత్రి కూర్చుని 500 పెల్లెట్లు తూచిన అబ్బాయికి నేనిచ్చే సలహా ఒక్కటే: ఆ రెండు గంటలు నిద్రపోయి ఉంటే ఎక్కువ పాయింట్లు వచ్చేవి.

చవక డబ్బా సంగతి వేరు. అందులో 20, 30 మిల్లీగ్రాముల తేడా కూడా కనిపిస్తుంది. అది దాదాపు మిల్లీమీటరు ఎత్తుపల్లం, అంటే మూడు నాలుగు దశాంశాలు. అక్కడ తూకం పనికొస్తుంది. అయితే త్రాసు మిల్లీగ్రాము చూపించేదై ఉండాలి. బజారులో చవకగా దొరికే త్రాసులు గ్రాములో నూరో వంతు వరకే చూపిస్తాయి. వాటి మీద సగం పెల్లెట్లు 0.53 అనీ, సగం 0.54 అనీ పడితే మీరు వేరు చేసింది పెల్లెట్లను కాదు, త్రాసు తడబాటును. తెలిసిన నగల దుకాణంలో సన్నపాటి త్రాసు ఉంటే మధ్యాహ్నం బేరాలు లేని వేళ అడిగి చూడండి. ఫ్యాను కట్టేయాలి. ప్రతి యాభై పెల్లెట్లకు ఒకసారి ఒకే పెల్లెట్‌ను మళ్ళీ తూచి, మొదటి అంకె వస్తుందో లేదో చూసుకోవాలి.

బరువు కాకపోతే మరి ఏం చూడాలి?

అంచు చూడండి. పెల్లెట్ వెనుక పల్చని గంట ఆకారపు భాగాన్ని స్కర్టు అంటాం. గాలి తోసినప్పుడు అదే విచ్చుకుని బారెల్ గోడకు అతుక్కుంటుంది. అది ఒకవైపు నొక్కుకుపోతే గాలి ఆ పక్క నుంచి ముందు జారిపోతుంది, బారెల్ మూతి దాటే క్షణంలో పెల్లెట్ పక్కకు తోయబడుతుంది. డబ్బా ఒక్కసారి బల్ల మీది నుంచి కింద పడితే చాలు, పదుల కొద్దీ స్కర్టులు వంగుతాయి. కొరియర్‌లో వచ్చిన డబ్బా ఊపితే గలగలమంటే నాకు అనుమానమే.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కిటికీ అద్దం ముక్క ఒకటి తీసుకుని, ఒకవైపు కింద రెండు పుస్తకాలు పెట్టి కొద్దిగా వాలుగా నిలపండి. పెల్లెట్‌ను ఒకే చోటి నుంచి దొర్లించండి. తల, స్కర్టు కొలతలు ఒకటి కావు కాబట్టి అది తిన్నగా పోదు, వంపు తిరిగి దొర్లుతుంది. ఒకే కొలతవన్నీ దాదాపు ఒకే వంపు తిరిగి ఒకే చోట దిగుతాయి. తేడా ఉన్నది దారి తప్పుతుంది, నొక్కుకున్నది కుంటుతుంది. మా పిల్లలకు ఇది ఆట. ఆదివారం అద్దం పలక చుట్టూ గోళీలాట చూస్తున్నట్టు కూర్చుంటారు.

తీసేసిన పెల్లెట్లను పారేయకండి. వేడెక్కడానికి కొట్టే మొదటి షాట్లకు అవి చాలు.

డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. ఏది కొనాలి?

అది పెల్లెట్ తల వ్యాసం, మిల్లీమీటర్లలో. ఏది మంచిదని నన్ను అడిగితే ప్రయోజనం లేదు, మీ బారెల్‌నే అడగాలి. మీ స్నేహితుడి రైఫిల్ మీ రైఫిల్ లాంటిదే కావచ్చు, ఒకే సంవత్సరం కొన్నదీ కావచ్చు. అయినా అతనికి 4.50 నప్పి మీకు 4.49 నప్పవచ్చు. చాలామంది 4.49 లేదా 4.50 దగ్గర స్థిరపడతారు. అలాగని అది నియమం కాదు.

పెల్లెట్ పరీక్ష ఎలా చేయాలి? ఐదు షాట్లు చాలవా?

చాలవు. ఈ ఒక్క మాట నమ్మించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చివరికి ఒక చిన్న మోసం చేయవలసి వచ్చింది. ఒకే డబ్బాలోని పెల్లెట్లను రెండు స్టీలు గిన్నెల్లో పోసి, ఒకదాని మీద ‘అ’ అనీ, మరొకదాని మీద ‘ఆ’ అనీ చీటీలు అంటించాను. సీనియర్ పిల్లలు ముగ్గురు రెండింటితోనూ ఐదేసి షాట్లు కొట్టి, తేడా స్పష్టంగా ఉందన్నారు. ఇద్దరికి ‘ఆ’ నచ్చింది, ఒకరికి ‘అ’ నచ్చింది. కారణాలు కూడా వివరంగా చెప్పారు. అసలు సంగతి చెప్పాక వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఐదు షాట్లలో అదృష్టం పాలు ఎక్కువ. అందుకని ఇలా చేయండి. రైఫిల్‌ను మనిషి భుజం మీద కాకుండా బల్లకు బిగించిన పట్టులో పెట్టాలి. దవడలకు చెక్కగానీ తోలుగానీ ఉండాలి, ఇనుము తగలకూడదు. అది లేకపోతే ఇసుక సంచుల మీద ఆనించి కొట్టవచ్చు, ఫలితం కొంత మసకగా ఉంటుంది. ఒక్కో రకంతో పది షాట్ల గుంపులు ఐదైనా కొట్టాలి. అన్నీ ఒక రకంతో ముగించి రెండోది మొదలుపెట్టవద్దు. మొదటిది, రెండోది, మళ్ళీ రెండోది, మళ్ళీ మొదటిది, ఇలా మార్చి మార్చి కొట్టాలి. గంటసేపటిలో రైఫిల్ వేడి, గాలి ఒత్తిడి, మీ ఓపిక అన్నీ మారతాయి. మార్చి కొడితే ఆ మార్పు అన్ని రకాల మీదా సమానంగా పడుతుంది. పెల్లెట్ అందించేది వేరొకరై, ఏ రకమో మీకు చెప్పకపోతే మరీ మంచిది.

కొలవడం తేలిక. కాగితం మీద మొత్తం రంధ్రం బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి 4.5 తీసేయండి. మొత్తం 5.5 వస్తే షాట్ల నడుమ దూరం ఒక మిల్లీమీటరు. బిగించిన రైఫిల్ ఆపాటి గుంపు ఇస్తుంటే ఆ డబ్బా గురించి ఇక ఆలోచించకండి. అలాగే రంధ్రాల్లో అన్నిటికంటే దూరంగా పడ్డ ఒక్కదాన్ని ‘అది లెక్కలోకి రాదు’ అని తీసేయవద్దు. పోటీలో అదీ లెక్కే.

నప్పిన రకం దొరికాక, డబ్బా కింద ముద్రించిన లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు రాసుకుని, అదే లాట్‌వి ఏడాదికి సరిపడా కొనండి. పేరు అదే ఉన్నా లాట్ మారితే అచ్చు మారి ఉండవచ్చు. ఇల్లాళ్ళు బియ్యం బస్తా నచ్చితే అదే మిల్లు, అదే పంట అని ఎందుకు అడుగుతారో ఇదీ అందుకే.

అమెరికాలో షూటర్లు తూటాలు సొంతంగా నింపుకుని గురి పెంచుకుంటారట. మనమూ చేయవచ్చా?

ఎన్.సి.సి.లో 0.22 రైఫిల్ కాల్చి వచ్చిన పిల్లలు ఇది తప్పక అడుగుతారు. వీడియోలు చూస్తారు మరి.

అక్కడ చేసేది ఇది: కాల్చిన ఇత్తడి తొడుగును శుభ్రం చేసి, మెడను తిరిగి కొలతకు తెచ్చి, మందును అంటించే కొత్త ప్రైమరు, తూచిన తుపాకిమందు, కొత్త బులెట్ అమరుస్తారు. నిలకడ కోసం తొడుగులన్నీ ఒకే లాట్‌వి, ఒకే సంఖ్యలో కాల్చినవి వాడతారు. మెడ బులెట్‌ను పట్టే బిగువు అన్నిటికీ సమానంగా ఉండేలా చూస్తారు. పదే పదే సాగి గట్టిపడిన మెడను వేడిచేసి మెత్తబరుస్తారు. బులెట్ ఎంత లోతున కూర్చుంది, వంకర లేకుండా కూర్చుందా అన్నది కొలుస్తారు. వేగం ఒక్కో షాటుకు ఎంత మారుతుందో రాసుకుంటారు. 300 మీటర్లు, అంతకు మించిన దూరాల్లో ఇవన్నీ బయటపడతాయి. వేగంలో చిన్న తేడా అక్కడ అంగుళాలవుతుంది.

ఇక్కడ మాత్రం ఆ ఊసు వద్దు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు గానీ తూటాలు గానీ తయారుచేయడం నేరం. మందు, ప్రైమర్లతో ఇంట్లో ప్రయోగాలు చేస్తే వేళ్ళు పోవడం వేరే సంగతి. పైగా మనవాళ్ళు తర్వాత వెళ్ళేది 50 మీటర్ల 0.22 రైఫిల్‌కు. ఆ తూటాలో ప్రైమరు మందు అంచులోనే పోసి ఉంటుంది, ఒకసారి కాలిస్తే ఆ తొడుగు పని అయిపోయినట్టే. అందుకే ఆ ఆటలో ప్రపంచస్థాయి షూటర్లు కూడా నింపుకోరు. ఎలీ, లాపువా వంటి తూటాల సంస్థల పరీక్ష కేంద్రాలకు రైఫిల్ తీసుకెళ్ళి, ఏ లాట్ తమ బారెల్‌కు నప్పుతుందో చూసుకుని అదే కొంటారు. మనం గోదాములో రెండు గిన్నెలతో చేసేది దానికి పేద చుట్టం.

నింపుకునేవాళ్ళ నుంచి నేర్చుకోదగినది ఒకటుంది: ఒకసారి ఒక్కటే మార్చి, ఫలితం రాసుకోవడం. మా వాళ్ళు సోమవారం పెల్లెట్, బట్ (భుజానికి ఆనే భాగం) పొడవు, ట్రిగ్గరు బరువు మూడూ మార్చి, మంగళవారం ఏది పనిచేసిందని నన్ను అడుగుతారు.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొనాలా?

ఒక్కరికైతే వద్దు, పదిమంది కలిసి ఒకటి కొనండి. వేగం ఒక శాతం మారితే, అంటే సెకనుకు 1.7 మీటర్లు మారితే, షాటు ఎత్తు మిల్లీమీటరులో మూడో వంతు మారుతుందని పై లెక్కనుంచే తేలుతుంది. పది షాట్లలో అతి వేగానికీ అతి తక్కువకూ మధ్య రెండు మూడు మీటర్లు దాటితే పెల్లెట్ మార్చకముందు, ప్రతి షాటుకు గాలిని ఒకే ఒత్తిడిలో అందించే రెగ్యులేటరును అనుమానించండి. ముఖ్యంగా అరగంట ఖాళీగా ఉంచాక కొట్టిన మొదటి షాటు వేగం చూడండి. అది మిగతా వాటికంటే బాగా తేడాగా ఉంటే రెగ్యులేటరు దాటి గాలి మెల్లగా కారి ఒత్తిడి మారుతున్నదని అర్థం. బాగుచేసేవరకు ఆ మొదటి ఒకటి రెండు షాట్లను పోటీ ముందు కొట్టే సైటర్లలోనే (లెక్కలోకి రాని సరిచూపు షాట్లు) ఖర్చు పెట్టుకోవాలి.

సిలిండరులో గాలి నింపడానికి ఊళ్ళో వసతి లేదు. వెల్డింగ్ షాపులో నింపించవచ్చా?

వద్దు. వెల్డింగ్ షాపులో ఉండేది ఆక్సిజన్. ఆసుపత్రి సిలిండరులోదీ అదే. 200 బార్ల ఒత్తిడిలో ఆక్సిజన్‌కు రవ్వంత నూనె, గ్రీజు తగిలినా మండి పేలుతుంది. రైఫిల్ చెంపకు ఆనించి పట్టుకునే వస్తువని గుర్తుంచుకోండి. ఒక తండ్రి ‘ఒక్కసారికి ఏమవుతుందండీ’ అన్నారు. ఆయన కుర్రవాడిని ఆరోజు ఇంటికి పంపేశాను.

నింపవలసింది పొడి గాలి మాత్రమే. చేతిపంపుతో కొట్టేటప్పుడు మన తీరపు తేమ అంతా లోపలికి పోతుంది. తేమ లాగే గుళికల గొట్టం ఉన్న పంపు తీసుకోండి, ఆ గుళికలు రంగు మారగానే మార్చండి. ఒక్క బిగిన కొట్టక మధ్యలో పంపు చల్లారనివ్వండి. సిలిండరు మీద గడువు తేదీ ఉంటుంది. అది దాటిన సిలిండరుతో పోటీకి వెళ్ళకూడదు, ఆ బాధ్యత షూటరుదే. మీటరు ముల్లు రెగ్యులేటరు ఒత్తిడి దగ్గరకు దిగేదాకా కొడితే షాట్లు ఒక్కొక్కటే కిందికి జారతాయి. అప్పుడు తప్పు పెల్లెట్‌ది కాదు.

మాది బారెల్ మడిచి కొట్టే స్ప్రింగు గన్. దానికీ ఇవన్నీ వర్తిస్తాయా?

కొన్ని మాత్రమే. స్ప్రింగు గన్‌లో పెల్లెట్ బయటపడకముందే బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగుతుంది. ఆ కుదుపులో గన్ ఎలా కదిలిందన్నదే షాటు ఎక్కడ పడాలో నిర్ణయిస్తుంది. కాబట్టి గట్టిగా బిగించి పట్టుకుంటే గుంపు చెదురుతుంది. ముందు చెయ్యి కింద వదులుగా, ప్రతిసారీ అదే చోట ఉంచి, గన్ తన ఇష్టప్రకారం కదలనివ్వాలి. పసిబిడ్డ తల కింద చెయ్యి పెట్టినట్టు అని చెబితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. స్టాక్ (బారెల్‌ను పట్టి ఉంచే చట్రం) మరలు ఆ కుదుపుకు వదులవుతాయి, వారానికొకసారి చూడండి. పిస్టన్ గదిలో నూనె పోయవద్దు. అది లోపల మండి ఒక షాటు ఢామ్మంటుంది, తర్వాతది తుస్సుమంటుంది. పొగ వాసన వస్తే అదే కారణం.

బారెల్ ఎన్నాళ్ళకు శుభ్రం చేయాలి?

డబ్బా ముగిసినప్పుడల్లా, అంటే ఐదొందల షాట్లకు, రెండు మూడు ఫెల్ట్ ముక్కలు దూర్చడం నా అలవాటు. శుభ్రం చేశాక మొదటి పది ఇరవై షాట్లు వేరేచోట పడితే కంగారు వద్దు, సీసం పూత మళ్ళీ పట్టేదాకా అంతే. పోటీ ముందు రోజు మాత్రం బారెల్ జోలికి పోకండి.

వానాకాలంలో పెల్లెట్ల మీద తెల్లటి పొడి వస్తోంది. ఎందుకు?

సీసం తేమతో, గాలితో కలిసి పట్టే పొడి అది. తుపానుల కాలంలో మా గోదాములో గోడలే చెమర్చుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కరెంటు లేక తలుపులు తీసి పెట్టిన ఆ రోజుల్లో మూతలు సరిగా పెట్టని డబ్బాలన్నీ బూడిద పూసుకున్నాయి. అలాంటివి వాడవద్దు. పైపొర కొలతను మారుస్తుంది, పొడి చేతికంటుతుంది, అది విషం.

తేమ ఒక్కటే కారణం కాదు. పులుపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. వినెగర్ సీసా పక్కన, ఊరగాయ జాడీల అలమారలో, కొత్త చెక్క వాసన పోని డ్రాయరులో డబ్బాలు పెట్టవద్దు. శ్రీకాకుళం నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ళ నాయనమ్మ ‘భద్రంగా’ ఆవకాయ జాడీ వెనక దాచిందట. ఆవకాయకు మాత్రం ఏమీ కాలేదనుకుంటే పొరపాటు, సీసం పక్కన పెట్టిన తిండి నేను తినను. స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో, తిండికి దూరంగా పెట్టండి.

చెక్క స్టాక్ ఉన్న రైఫిల్ అయితే వానాకాలం మొదట్లో ఒకసారి, చలికాలం మొదట్లో ఒకసారి మరల (స్క్రూల) బిగువు చూసుకోవాలి. చెక్క ఉబ్బి, తగ్గుతుంది. దానితో పాటే గురీ జరుగుతుంది.

ఫ్యాను, లైట్లు ప్రభావం చూపుతాయా?

ఫ్యాను గాలి పెల్లెట్‌ను కదిలించేది తక్కువ, వేలాడే కాగితాన్ని కదిలించేది ఎక్కువ. లైటు మాత్రం నిజంగా ముఖ్యం. లక్ష్యం మీద కనీసం 1500 లక్స్ వెలుగు ఉండాలన్నది పోటీల ప్రమాణం. కరెంటు పోయి ఇన్వర్టరు మీద సగం దీపాలు వెలిగితే నల్ల చుక్క చుట్టూ తెల్ల ఉంగరం మందం వేరుగా కనిపిస్తుంది, షాట్లు తెలియకుండానే ఎత్తు మారతాయి. అలాంటి గంటలో పెల్లెట్ పరీక్ష పెట్టుకోవద్దు.

లోపం నాలో ఉందా, పెల్లెట్లో ఉందా, ఎలా తెలుస్తుంది?

బిగించిన రైఫిల్ గుంపు ఒకటి, మీ చేతి గుంపు ఒకటి పక్కపక్కన పెట్టండి. మొదటిది మిల్లీమీటరు, రెండోది ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటే ఏడు మిల్లీమీటర్లకు యజమాని ఎవరో తెలిసిపోయింది. మా దగ్గర మొదటి రెండేళ్ళలో ఉన్న ఏ పిల్లల విషయంలోనూ ఈ పోలిక పెల్లెట్‌ను దోషిగా చూపలేదు.

నిలువుగా చెదిరితే ఊపిరి ఒకేచోట ఆపుతున్నారా, చెంప ప్రతిసారీ అదే ఎత్తులో ఆనుతోందా చూడండి. అడ్డంగా చెదిరితే ట్రిగ్గరు పక్కకు లాగుతున్నారా, రైఫిల్ పక్కకు వాలుతోందా చూడండి. కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి వదిలి కళ్ళు తెరిస్తే సైటు ఎక్కడ నిలిచిందో అదే మీ శరీరం సహజంగా చూపే దిక్కు. అది లక్ష్యానికి పక్కనుంటే కండరంతో లాగకుండా పాదాలు జరపాలి. ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ బారెల్ దాటడానికి మందుతో పేలే తుపాకీలో కంటే ఎక్కువ సమయం పడుతుంది. ట్రిగ్గరు నొక్కగానే తల ఎత్తి షాటు ఎక్కడ పడిందో చూపే తెర చూసే అలవాటు అందుకే ఇంత ఖరీదైనది.

2008 బీజింగ్ ఫైనల్లో చివరి షాటు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లండ్ షూటర్ హెన్రీ హాకినెన్ సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టారు. హాకినెన్‌కు 9.7 వచ్చింది. ఇద్దరిదీ ప్రపంచంలో దొరికే మేలైన సామగ్రే. ఆ ఒక్క పాయింటు పైచిలుకు తేడా ఏ డబ్బాలోదీ కాదు.

ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు కావాలా?

0.177 అంగుళాల (4.5 మిల్లీమీటర్ల) బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నవాటికి 2016 ఆయుధ నియమాల ప్రకారం అక్కర్లేదు. గుర్తింపు కార్డు ఇచ్చి బిల్లుతో కొనండి. మేడ మీద పిట్టలను కొట్టడానికైతే నా దగ్గరకు రావద్దు. తేలినీలాపురంలో ఊరంతా కలిసి గూడబాతులను కాపాడుకునే నేల ఇది, వన్యప్రాణి రక్షణ చట్టమూ ఉంది.

పిల్లలు సీసం ముట్టుకోవడం ప్రమాదం కాదా?

ముట్టుకోవడం కంటే మింగడం ప్రమాదం. పెల్లెట్లు నోట్లో పట్టుకోవడం, రైఫిల్ పక్కన బజ్జీ పొట్లం విప్పడం మా దగ్గర నిషేధం. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడిగిన తర్వాతే నీళ్ళ సీసా. లక్ష్యాల వెనక నేలను చీపురుతో ఊడ్చము, ధూళి లేస్తుంది. తడిగుడ్డతో తుడుస్తాం, ఆ గుడ్డ వేరే. ఇంట్లో చంటిపిల్లలుంటే సాధన బట్టలు విడిగా ఉతకమని చెబుతాం.

కొట్టేసిన సీసం ఏం చేస్తారు?

మూత ఉన్న డబ్బాలో పోసి, నిండాక పాత బ్యాటరీలు కొనే వ్యాపారికి ఇస్తాం. కళింగపట్నం వైపు నుంచి వచ్చే ఒక కుర్రవాడు, వలలకు కట్టే గుళ్ళు పోసుకుంటామని వాళ్ళ మామయ్య అడిగాడంటూ రెండు కిలోలు తీసుకువెళ్ళబోయాడు. ఎక్కడ కరిగిస్తారని అడిగితే వంటింటి పొయ్యి మీద అన్నాడు. డబ్బా వెనక్కి తీసుకుని, మామయ్యకు ఫోను చేశాను. ఆయన కాసేపు వాదించి, తర్వాత దుకాణంలో పోసినవే కొంటానన్నారు.